చుక్కలు, గీతలు, మా ఇంటి బాకీలు

బి.కాం. చదివిన నాకు గ్రాఫ్ అంటే తెలిసింది ఒకటే. గళ్ళ కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా అమ్మకాలు వేసి, పెన్సిలుతో చుక్కలు కలిపితే వచ్చే వంకర గీత. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో అలాంటివే చూస్తూ వచ్చాను. డిపాజిట్ల గీత పైకి వెళితే సంతోషించడం, మొండి బాకీల గీత పైకి వెళితే పై ఆఫీసుకు సంజాయిషీ రాసుకోవడం. అందుచేత మా లెక్కల మాస్టారు "వచ్చే ఆదివారం నుంచి గ్రాఫులు మొదలుపెడదామండీ" అన్నప్పుడు, మనకు వచ్చిందే కదా అని ధీమాగా వెళ్ళాను. ఆ ధీమా పది నిమిషాలు కూడా నిలవలేదు.

ముందు ఈ ఆదివారాల సంగతి చెప్పాలి. మా బరంపురంలో సంఘం వారి చదువుగది ఒకటి ఉంది. అక్కడ పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పాలని, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు ముందుకొచ్చారు. పిల్లలకు ఆదివారం కూడా ట్యూషన్లే కనక వాళ్ళు రావడం మానేశారు. వాళ్ళను దింపడానికి వచ్చిన పెద్దవాళ్ళం మాత్రం మిగిలిపోయాం. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన, బట్టల వ్యాపారి ఒకాయన, ఇద్దరు గృహిణులు, ఇంజినీరింగు చదివే ఒక అమ్మాయి, నేను, అప్పుడప్పుడూ మరో ముగ్గురు నలుగురు. పరీక్ష లేదు, మార్కులు లేవు, సర్టిఫికెట్టు అసలే లేదు. తొమ్మిదిన్నరకు మొదలై, పదకొండుకు టీ వచ్చేదాకా సాగుతుంది. యాభై దాటిన తర్వాత, ఎందుకూ పనికిరాదని తెలిసి కూడా ఒక విషయం నేర్చుకోవడంలో ఉన్న సుఖం, అనుభవిస్తే గాని తెలియదు.

మొదటి ఆదివారం మాస్టారు బల్ల మీద ఒక నది గీశారు. అది ప్రెగెల్ నది. దాని మీద కోనిగ్స్‌బర్గ్ అనే ఊరు. అప్పట్లో ప్రష్యాలోది, ఇప్పుడు రష్యాలోని కలినిన్‌గ్రాడ్. నది పాయలు ఆ ఊరిని నాలుగు ముక్కలు చేశాయి. ముక్కలను కలుపుతూ ఏడు వంతెనలు. ఏ వంతెననూ రెండోసారి దాటకుండా ఏడింటినీ దాటి రాగలమా అన్నది ఆ ఊరివాళ్ళ సరదా ప్రశ్న. మేం అరగంట పెన్సిళ్ళు అరగదీశాం. రైల్వే ఆయన రెండుసార్లు "వచ్చేసింది" అన్నారు. రెండుసార్లూ ఒక వంతెన మిగిలిపోయింది.

అది కుదరని పని అని 1735లోనే ఆయిలర్ అనే గణితవేత్త తేల్చేశాడట. ఆయన ఆలోచనను ఇప్పటి పద్ధతిలో చెప్పాలంటే, ఊరినంతా పక్కన పెట్టేసి, ఒక్కొక్క నేల ముక్కనూ ఒక చుక్క చేయాలి. ఒక్కొక్క వంతెననూ ఒక గీత చేయాలి. ఇక చూడండి. దారి మధ్యలో తగిలే చుక్కకు ఒక గీత మీద వస్తాం, మరో గీత మీద పోతాం. అంటే అక్కడి గీతలు జతలు జతలుగా ఖర్చవుతాయి. ఒక చుక్క దగ్గర బేసి సంఖ్యలో గీతలుంటే, ప్రయాణం అక్కడ మొదలు కావాలి లేదా అక్కడ ముగియాలి. అలాంటి చుక్కలు రెండుకు మించి ఉండడానికి వీల్లేదు. కోనిగ్స్‌బర్గ్‌లో ఒక చుక్కకు అయిదు గీతలు, మిగతా మూడింటికీ మూడేసి. నాలుగూ బేసే. ఇంక వంతెనల మీద తిరిగి కాళ్ళు నొప్పులు తెచ్చుకోవడం ఎందుకు?

ఇలా చుక్కలు, వాటిని కలిపే గీతలు, ఇంతే గ్రాఫ్ అంటే. గళ్ళ కాగితంతో దానికి సంబంధం లేదు. ఆ చుక్కలూ గీతల మీద ఒక పని చేయడానికి, అంచెలంచెలుగా, ఎవరు చేసినా ఒకే జవాబు వచ్చేలా రాసుకున్న పద్ధతి అల్గారిథమ్. మా బ్యాంకులో పనుల క్రమానికి ఉన్న చేతిపుస్తకం లాంటిదే, కాకపోతే ఇది సర్క్యులర్లతో మారిపోదు.

అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న గృహిణుల్లో ఒకావిడ నెమ్మదిగా అన్నారు, "మాస్టారూ, ఇది మెలిక ముగ్గే కదండీ!" అని. ఆవిడ లేచి బల్ల మీద చకచకా చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పారు. గీతలు ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా నాలుగు కొసలు. నాలుగు సరిసంఖ్య. కనక చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో ముగ్గు పూర్తి కావాలి. "కానీ నేను సూటిగా పోతే మొదలుపెట్టిన చోటికే తొందరగా వచ్చేస్తుంది. పక్కన ఇంకో మెలిక మిగిలిపోతుంది" అన్నారావిడ. మాస్టారు దాటే చోట సూటిగా పోకుండా పక్కకు తిరిగి, మిగిలిన మెలికను కూడా చుట్టి వచ్చి చూపించారు. ఒకే గీతలో ముగ్గు అయిపోయింది. ఆవిడ దాన్ని కాసేపు చూసి, "లెక్క కుదిరింది గాని, తిప్పిన చోట అందం పోయిందండీ" అన్నారు. మాస్టారు ఒప్పుకున్నారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి, ఆయన తోటి పరిశోధకులు అక్కడి కోలాలను చూసి, కంప్యూటరుకు అర్థమయ్యే వ్యాకరణం లాంటిది 1974లోనే ప్రచురించారని కూడా మాస్టారు చెప్పారు. మన ఆడవాళ్ళు ఇన్ని తరాలుగా వాకిట్లో చేస్తున్న పనిని మనం తొక్కుకుంటూ ఆఫీసులకు పోయాం కదా అని నాకు కొంచెం సిగ్గేసింది.

తర్వాతి వారాల్లో దగ్గర దారి వెతికే పద్ధతి నేర్చుకున్నాం. డైక్‌స్ట్రా అనే డచ్చి ఆయన 1956లో, కాబోయే భార్యతో ఆమ్‌స్టర్‌డామ్‌లో బజారుకు వెళ్ళి, అలసి, కాఫీ తాగడానికి కూర్చుని, కాగితం పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాల్లో దాన్ని ఆలోచించాడట. అచ్చులో వచ్చింది మాత్రం 1959లో. మేం దాన్ని నేల మీద సుద్దముక్కతో గీసి, చింతగింజలతో ఆడాం. ఇంటి నుంచి గుడికి 4 నిమిషాలు, ఇంటి నుంచి బజారుకు 10, గుడి నుంచి బజారుకు 3, గుడి నుంచి స్టేషనుకు 12, బజారు నుంచి స్టేషనుకు 6 అనుకోండి. ఇంటి నుంచి స్టేషనుకు దగ్గర దారి ఏది? ముందు అన్నిటికంటే దగ్గరి చుక్కను ఖాయం చేసి గింజ పెట్టాలి. అది గుడి, 4. ఇప్పుడు గుడి మీదుగా చూస్తే బజారు 10 కాదు, 7. స్టేషను 16. మిగిలిన వాటిలో దగ్గరిది బజారు, దాన్ని 7 దగ్గర ఖాయం చేయాలి. బజారు మీదుగా చూస్తే స్టేషను 16 కాదు, 13. అయిపోయింది. ఒకసారి ఖాయం చేసిన చుక్క జోలికి మళ్ళీ పోనక్కరలేదు. ఇంకే దారిలో వచ్చినా అంతకన్నా దూరపు చుక్క మీదుగానే రావాలి, నడిచేకొద్దీ దూరం పెరుగుతుందే గాని తరగదు కనక. నేరుగా వెళ్ళేదే దగ్గర దారి అనుకునే నాకు ఇది బాగా నచ్చింది.

నచ్చి ఊరుకుంటే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసేది.

రెండు నెలలయ్యాక మాస్టారు ఇంటిపని ఇచ్చారు. ఎవరి ఇంట్లోంచి వాళ్ళు చుక్కలూ గీతలూ పట్టుకురావాలి. ముగ్గుల ఆవిడ పెళ్ళి పనులు పట్టుకొచ్చారు. ఏది అయితేగాని ఏది కాదో బాణాలు వేసి. బట్టల వ్యాపారి మగ్గాల దగ్గర్నుంచి కొట్టు దాకా పట్టుచీర వచ్చే దారి గీసుకొచ్చారు. నేను బాకీలు పట్టుకెళ్ళాను. బ్యాంకువాడు ఇంకేం పట్టుకెళతాడు?

దానికో కారణం ఉంది. 1994లో నేను గుమాస్తాగా చేరిన కొత్తలో నన్ను చెక్కుల క్లియరింగుకు పంపేవారు. ఊళ్ళోని బ్యాంకుల వాళ్ళందరం ఒక గదిలో చేరేవాళ్ళం. నీ బ్యాంకు మీద నా దగ్గరున్న చెక్కులు నీకు, నా బ్యాంకు మీద నీ దగ్గరున్నవి నాకు. అందరివీ మార్చుకుని, ఒక్కొక్క బ్యాంకు మొత్తం మీద ఎంత ఇవ్వాలి, ఎంత పుచ్చుకోవాలి అని తీసి, తేడా మాత్రమే ఖాతాల్లో సర్దేవారు. లక్షల రూపాయల చెక్కులు, ఒక్క నోటు కూడా చేతులు మారేది కాదు. అందరి తేడాలూ కలిపితే సున్నా రావాలి. రాకపోతే ఎవరూ ఇంటికి వెళ్ళడానికి లేదు. ఇప్పుడు చెక్కులు కదలవు, వాటి బొమ్మలే కదులుతాయి. కానీ సూత్రం అదే. బ్యాంకులు చుక్కలు, బాకీలు బాణాలు.

ఆ సూత్రానికి ఉదాహరణగా, పేర్లు లేకుండా క, చ, ట, త అని నాలుగు చుక్కలు పెట్టి తీసుకెళ్ళాను. క అనేవాడు చ అనేవాడికి 80,000 ఇవ్వాలి. త అనేవాడు క అనేవాడికి 70,000 ఇవ్వాలి. ట అనే ఆవిడ త అనేవాడికి 60,000 ఇవ్వాలి. మూడు బాణాలు. లెక్క కట్టాం. క కు రావలసింది 70,000, ఇవ్వవలసింది 80,000, కాబట్టి మొత్తం మీద 10,000 ఇవ్వాలి. త కూడా 10,000 ఇవ్వాలి. ట 60,000 ఇవ్వాలి. చ కు 80,000 రావాలి. కూడితే సున్నా. మాస్టారు మెచ్చుకున్నారు. ఎంతమంది మధ్య ఎన్ని బాకీలు చిక్కుపడినా, మనుషుల సంఖ్యకు ఒకటి తక్కువ చెల్లింపులతో తీరిపోతుందని, అంతకంటే తగ్గించవచ్చా అని వెతకడం మాత్రం మనుషులు పెరిగేకొద్దీ కంప్యూటరుకు కూడా కష్టమని చెప్పారు.

అప్పుడు ఇంజినీరింగు అమ్మాయి కాగితం మీదికి వంగి అడిగింది, "అంకుల్, ఈ చ ఎవరండీ? ఈయన దగ్గరికి బాణం వస్తోంది గాని, ఈయన నుంచి ఒక్కటీ బయటికి పోవడం లేదు. అదృష్టవంతుడు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే బాగులేదు. ఎందుకంటే ఆ చ నేనే. క మా అన్నయ్య. త మా తమ్ముడు. ట మా చెల్లెలు.

ఈ సంగతి వాళ్ళు ముగ్గురినీ అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా పాత ఇంటి కప్పు చాలా భాగం పోయింది. ఇల్లు అన్నదమ్ముల ముగ్గురిదీ, ఉంటున్నది అమ్మా, నా కుటుంబమూ. బాగుచేయించడానికి 2,40,000 అయింది. నేనే పెట్టాను. తమ్ముడు తన వంతు 80,000 ఇచ్చేశాడు. అన్నయ్య 2014లో విశాఖపట్నం నుంచి వచ్చి అన్నాడు, "తమ్ముడు కొట్టు పెట్టినప్పుడు నా దగ్గర తీసుకున్న డెబ్బై వేలు ఇంకా ఇవ్వాలి. అది నువ్వు వాడి దగ్గర తీసుకో. మిగతా పది వేలు నేనిస్తాను." నేను ఒప్పుకోలేదు. "ఆ ఖాతా వేరు, ఈ ఖాతా వేరు" అన్నాను. "నీ బ్యాంకు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు" అన్నాడు అన్నయ్య. మాటకు మాట పెరిగింది. అంతే. పదకొండేళ్ళు. 2019లో అమ్మ పోయినప్పుడు, పన్నెండు రోజులూ ఒకే ఇంట్లో ఉండి, మేమిద్దరం ఒకరితో ఒకరు చెప్పుకోవలసిన మాటలు పురోహితుడి చేత చెప్పించుకున్నాం.

ఆ ఆదివారం ఇంటికి వచ్చి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. బయటికి పోయే బాణం ఒక్కటీ లేని మనిషి ఉంటాడా అని. ఆడిటు చేసేవాడికి లెక్క మరీ శుభ్రంగా కనిపిస్తే అనుమానం రావాలి. నాకు వచ్చింది. బీరువాలోంచి పాత డైరీలు తీశాను. 2012 డైరీలో, అమ్మ తుంటి ఎముక ఆపరేషను రోజుల దగ్గర, నా అక్షరాలతోనే ఒక చిన్న మాట ఉంది: చెల్లి గాజులు, 90,000.

విశాఖపట్నంలో ఆపరేషను. చేతిలో డబ్బు చాలలేదు. చెల్లెలు తన గాజులు కుదువపెట్టి తెచ్చింది. "మీ బావగారికి చెప్పలేదన్నయ్యా" అంది. "వచ్చే నెల పి.ఎఫ్. లోను రాగానే విడిపిస్తాను" అన్నాను. లోను వచ్చింది. వేరే ఖర్చు వచ్చింది. తర్వాత తుపాను వచ్చింది. తర్వాత పోట్లాట వచ్చింది. చెల్లెలు ఒక్కసారి కూడా అడగలేదు. అడగని బాకీ నా పుస్తకంలో బాకీగా ఎక్కలేదు. బంగారం కుదువకు ఎంత వడ్డీ పడుతుందో, గడువు దాటితే ఎలాంటి నోటీసులు వస్తాయో రోజూ జనానికి చెప్పే ఉద్యోగం నాది.

నాలుగో బాణం గీశాను. చ నుంచి ట కు, 90,000. మళ్ళీ లెక్క కట్టాను. అన్నయ్య, 10,000 ఇవ్వాలి. తమ్ముడు, 10,000 ఇవ్వాలి. నేను, 80,000 రావాలి, 90,000 ఇవ్వాలి, అంటే నేనూ 10,000 ఇవ్వాలి. చెల్లెలికి 90,000 రావాలి, 60,000 ఇవ్వాలి, అంటే 30,000 రావాలి. కూడితే సున్నా.

నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. ఒక బాణం వదిలేస్తే మా నలుగురిలో అందరికంటే ఎక్కువ బాకీ ఉన్నది చెల్లెలు. ఆ బాణం గీస్తే మా ముగ్గురికీ కలిపి అప్పిచ్చింది చెల్లెలు ఒక్కతే. మూడు లక్షల రూపాయల బాకీలు, తలా పది వేలు చెల్లెలికి ఇస్తే తీరిపోతాయి. అన్నయ్య 2014లో ఇస్తానన్నది కూడా సరిగ్గా ఆ పది వేలే. ఆ రోజు నాలో నిజంగా బ్యాంకు బుద్ధి ఉంటే, క్లియరింగు గదిలో నేర్చుకున్నది గుర్తొచ్చి, సరే అనేవాణ్ణి.

ఇంకో సంగతి. నాలుగు బాణాలూ వరసగా చూస్తే అవి గుండ్రంగా తిరుగుతున్నాయి. అన్నయ్య నుంచి నాకు, నా నుంచి చెల్లెలికి, చెల్లెలి నుంచి తమ్ముడికి, తమ్ముడి నుంచి మళ్ళీ అన్నయ్యకు. ఇలా చుట్టు తిరిగే బాకీల్లోంచి అన్నిటికంటే చిన్న మొత్తం, ఇక్కడ 60,000, నాలుగింటిలోనూ కొట్టేయవచ్చు. ఎవరికీ నష్టం లేదు. ఎవరి ఖాతా పుస్తకం వాళ్ళు చూసుకుంటే మాత్రం ఆ చుట్టు ఎవరికీ కనిపించదు. నా పుస్తకంలో అన్నయ్య బాకీదారు. అన్నయ్య పుస్తకంలో తమ్ముడు బాకీదారు. తమ్ముడి పుస్తకంలో చెల్లెలు. ఎవరి పుస్తకమూ అబద్ధం కాదు. నాలుగూ ఒకే కాగితం మీదికి వచ్చేదాకా నిజం మాత్రం తెలియలేదు.

ముందు ఇచ్ఛాపురం ఫోను చేశాను. చెల్లెలు విని, "గాజులు 2013లోనే విడిపించుకున్నాను కదన్నయ్యా, ఇప్పుడెందుకు ఆ గొడవ?" అంది. వడ్డీ ఎంత కట్టావని అడిగితే చెప్పలేదు. తర్వాత కాగితాన్ని ఫోటో తీసి అన్నయ్యకు వాట్సాప్‌లో పంపాను. కింద ఒక్క ముక్క రాశాను: నాలుగో బాణం పదమూడేళ్ళుగా నేను వదిలేసింది. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది. "కూడిక సరిగ్గానే ఉంది." అన్నయ్య ఎప్పుడూ అంతే, ఎక్కువ మాట్లాడడు.

డబ్బు ఎవరికి వాళ్ళం చెల్లెలికి ఫోనులోనే పంపేద్దామనుకున్నాం. చెల్లెలు ఒప్పుకోలేదు. "విడివిడిగా పంపితే తిరిగి పంపేస్తాను. ముగ్గురూ కలిసి వచ్చి ఇవ్వండి" అంది. కార్తీక శుద్ధ విదియ నాడు భగినీహస్త భోజనానికి రమ్మంది. వెళ్ళాం. అన్నయ్య ముందే వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. మోకాళ్ళ నొప్పుల గురించి, బరంపురంలో ఎండల గురించి మాట్లాడుకున్నాం. లెక్క గురించి ఎవరూ ఎత్తలేదు. భోజనాలయ్యాక మూడు కవర్లు చెల్లెలి చేతిలో పెట్టాం. అది లెక్కపెట్టకుండానే లోపలికి తీసుకెళ్ళింది.

అన్నీ సర్దుకున్నాయని రాయను. వడ్డీ సంగతి అలాగే ఉంది. అమ్మ పోయిన ఆ పన్నెండు రోజులూ అలాగే ఉన్నాయి. వాటికి ఏ బాణం మీద ఏ అంకె వేయాలో నాకు తెలియదు, మాస్టారికీ తెలియదు. కానీ ఇప్పుడు ఫోను మోగితే అటువైపు అన్నయ్య కావచ్చు. పదకొండేళ్ళ తర్వాత అది తక్కువ సంగతి కాదు.

ఇంజినీరింగు అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. ఈ పత్రిక వాళ్ళింటికి కూడా వెళుతుంది కనక, చ ఎవరో ఇప్పుడు తెలుస్తుంది. ఆ పిల్లకు నేను బాకీ ఉన్నాను. అది మాత్రం నా పుస్తకంలో రాసుకున్నాను.

మా ఆదివారాలు ఇంకా సాగుతున్నాయి. ఇప్పుడు అన్ని ఊళ్ళకూ తక్కువ ఖర్చుతో కరెంటు తీగలు లాగడం ఎలా అన్నది నడుస్తోంది. మొరావియా ప్రాంతానికి కరెంటు ఇవ్వడం కోసం బోరువ్కా అనే ఆయన 1926లోనే దానికి పద్ధతి చెప్పాడు. మీ ఊళ్ళో సంఘం గది ఖాళీగా ఉంటే మీరూ మొదలుపెట్టండి. కావలసింది కాగితం, పెన్సిలు, గుప్పెడు చింతగింజలు. ఇంటిపనికి బాకీలు పట్టుకెళ్ళేవారు మాత్రం, చుక్కల్లో తమ చుక్క పెట్టుకున్నాక, దాన్నుంచి బయటికి పోయే బాణాలు ఏవైనా మరిచిపోయామా అని ఇంకోసారి చూసుకోవాలని నా మనవి.